గాలి గుడారంలో ఆగిపోయిన గెలాక్సీలు: మా బడికి వచ్చిన మొబైల్ ప్లానెటేరియం ఎలా ఉందంటే

గాలి నింపిన గుడారంలో పైకప్పు మీద ఆకాశాన్నీ సినిమాలనీ చూపించే మొబైల్ ప్లానెటేరియంని మా బడికి తెప్పించాం. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. హెడ్మాస్టర్లు మొదట అడిగేది అదే. ఒక్కో విద్యార్థికి 70 రూపాయలు. కనీసం 200 మంది లెక్క కట్టాలి, పిల్లలు తక్కువున్నా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. విశాఖపట్నం నుంచి వ్యాన్‌లో సామాను తెస్తారు కాబట్టి రవాణా ఖర్చు వేరే. టీచర్లకు టికెట్ లేదు.

మాది ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు హైస్కూలు. నేను ఫిజిక్స్ చెప్తాను. పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో తెలుగు, కొందరి ఇళ్ళల్లో ఒడియా. పాతపట్నం నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. అందుకని ఫోన్‌లో మేం అడిగిన మొదటి ప్రశ్న, ఏ భాషలో చెప్తారని. ఇంగ్లీషు, హిందీ, ఒడియా, తెలుగు నాలుగూ ఉన్నాయన్నారు. నిజంగానే ఉన్నాయి. ఒడియా రికార్డింగ్ చాలా బాగుందని మా సోషల్ మేడమ్ అన్నారు. తెలుగు రికార్డింగ్ గురించి కింద చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

గుడారం మా ప్రేయర్ హాల్లో సరిపోయింది. బ్లోయర్‌తో గాలి నింపుతారు, పది పన్నెండు నిమిషాల్లో లేచి నిలబడుతుంది. పక్కనున్న గుడ్డ సొరంగంలోంచి వంగి లోపలికి వెళ్ళాలి. చెప్పులు బయట విడవాలి, నేల మీద కూర్చోవాలి. వాళ్ళు ముప్పై మందే అన్నారు, నలభై మంది దాకా పట్టారు. ఉక్కపోత ఉంటుంది, అది ముందే ఊహించుకోండి. ప్రొజెక్టర్ మధ్యలో పెడతారు. నడినెత్తి మీద బొమ్మ స్పష్టంగా ఉంది, అంచుల్లో మసకగా ఉంది. గోడవారన కూర్చున్న పిల్లలకి అంత తేడా తెలియలేదు, నాకు తెలిసింది.

చిన్న తరగతులకి సౌరకుటుంబం సినిమా వేయించాం. శని వలయాలు మీదకి వచ్చినప్పుడు ఒకటే అరుపులు. బాగుంది, దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి నేనే పట్టుబట్టి ఇంకో సినిమా అడిగాను. విశ్వం పసిగా ఉన్నప్పటి గెలాక్సీలు నక్షత్రాలను పుట్టించడం ఎందుకు ఆపేశాయన్నది కథ. పాతిక నిమిషాలు. ఈ సినిమాను ఇంతవరకూ ఏ బడివాళ్ళూ అడగలేదని ఆపరేటర్ కుర్రాడు అన్నాడు. అన్నప్పుడు కొంచెం సంతోషంగానే కనిపించాడు.

కథ ఎత్తుకున్న తీరు నాకు నచ్చింది. ఆగిపోయిన గెలాక్సీలు ఇప్పటి విశ్వంలో మామూలే. మనకు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎం87 అలాంటిదే. 2019లో మొట్టమొదటిసారి బ్లాక్ హోల్ ఫొటో వచ్చింది దాని మధ్యలోంచే. వయసైపోయింది, ఆగిపోయింది అనుకుంటే అందులో వింత లేదు. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. అందులో మొదటి 200 కోట్ల సంవత్సరాలు కూడా నిండకుండానే భారీగా పెరిగి, పని ముగించేసిన గెలాక్సీలు కనపడటమే వింత. 2021 డిసెంబరు 25న వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022 జులై నుంచి పని మొదలుపెట్టాక ఇలాంటివి వరసగా బయటపడుతున్నాయి. కంప్యూటర్ మోడళ్ళు ఊహించిన దానికంటే ఎక్కువే కనిపిస్తున్నాయి. సినిమా ఇంతవరకూ సరిగ్గా చెప్పింది. గుడారం పైకప్పంతా గ్యాస్ పోగులు పోగులుగా వచ్చి ముడిపడి గెలాక్సీ అయ్యే సీన్‌లో పిల్లల సంగతి అటుంచండి, నేనూ నోరు తెరుచుకునే చూశాను.

ఆ తర్వాత చెడగొట్టారు. గెలాక్సీ మధ్యలో ఒక నల్లటి గుండ్రం వచ్చింది, నక్షత్రాలు తయారవడానికి కావలసిన చుట్టుపక్కల గ్యాస్‌నంతా సుడి తిప్పి మింగేసింది, గెలాక్సీ ఒక్కసారిగా చీకటైపోయింది. "బ్లాక్ హోల్ ఆకలికి గెలాక్సీ బలైపోయింది" అని రికార్డింగ్ గొంతు. వెనక డప్పుల మోత. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, ఆగిపోయిన గెలాక్సీ చీకటైపోదు. ఉన్న నక్షత్రాలు వెలుగుతూనే ఉంటాయి. సూర్యుడిలాంటిది దాదాపు 1,000 కోట్ల సంవత్సరాలు బతుకుతుంది, చిన్నవి ఇంకా ఎక్కువ. భారీ నీలి నక్షత్రాలే కోటి సంవత్సరాల లోపు ముగిసిపోతాయి. కొత్తవి పుట్టకపోతే ముందుగా మాయమయ్యేది ఆ నీలి వెలుగే. గెలాక్సీ మెల్లగా ఎరుపెక్కుతుంది, అంతే. రెండోది ఇంకా పెద్ద తప్పు. బ్లాక్ హోల్ మింగేది మొత్తం గ్యాస్‌లో చాలా కొంచెం. నష్టం చేసేది మింగడం కాదు. లోపల పడేముందు ఆ గ్యాస్ వేడెక్కి విడుదల చేసే శక్తి చుట్టుపక్కల గ్యాస్‌ను గాలుల్లా తోసేస్తుంది, లేదా చల్లారనివ్వకుండా వేడిగా ఉంచుతుంది. సినిమా తీసినవాళ్ళకి ఇది తెలియదని నేననుకోను. డప్పుల మోతకి మింగేసే సీన్ బాగా కుదురుతుందని పెట్టి ఉంటారు.

తెలుగు రికార్డింగ్ మాట. గొంతు మంచిదే. కానీ మిలియన్లు, బిలియన్లు అని గబగబా చదివేశారు. బిలియన్ అంటే వంద కోట్లని పిల్లలు లెక్క చూసుకునేలోపు సీన్ మారిపోయేది. కోట్లలో చెప్పడానికి ఏమి అడ్డం?

మొదటి బ్యాచ్ బయటికి వచ్చాక ఆపరేటర్‌తో ఈ సంగతులే అన్నాను. పాతికేళ్ళ లోపు కుర్రాడు, డిగ్రీలో ఫిజిక్స్ చదివాడట. "నిజమే సార్, కానీ సినిమా నేను మార్చలేను. మీకు అభ్యంతరం లేకపోతే ఆఖర్న ఓ పది నిమిషాలు నేను మాట్లాడతాను" అన్నాడు. ఈ రివ్యూ రాస్తున్నదే ఆ పది నిమిషాల కోసం. పది అన్నవి ప్రతి బ్యాచ్‌కీ అరగంట అయ్యాయి, పీరియడ్లన్నీ తారుమారయ్యాయి, నేనేం అనలేదు.

అతను చేసిన మొదటి పని, సినిమా ఆపి పర్లాకిమిడి ఆకాశం వేయడం. డిసెంబరు, రాత్రి తొమ్మిదిన్నర. తూర్పు పక్క వేటగాడి నక్షత్రాలు, అక్కణ్ణుంచి వంకర తిరుగుతూ దిగే ఎరిడానస్ రాశి, దాని మలుపులో దక్షిణాన సగం ఎత్తులో ఫోర్నాక్స్ అనే చిన్న రాశి. అక్కడ లేజర్ ఎర్ర చుక్క పెట్టాడు. "అక్కడేం లేదు కదన్నా" అన్నాడు ఒకడు. "ఏం లేదనే చూశారు" అన్నాడు ఇతను. మన పాలపుంత గ్యాస్ పెద్దగా అడ్డం రాదు, వెలుగు ఎక్కువున్న నక్షత్రాలు కూడా లేవు కాబట్టి ఎంతో దూరం చూడటానికి ఆ చోటు ఎంచుకున్నారు. జీఎస్-9209 అనే గెలాక్సీ అక్కడే ఉంది. బిగ్ బ్యాంగ్ (విశ్వం మొదలైన ఘట్టం) తర్వాత 125 కోట్ల సంవత్సరాలప్పటి వెలుగు దాన్నుంచి వస్తోంది. మా డాబాల మీద నుంచి అది కనపడదు సరే, కానీ ఎటు చూడాలో పిల్లలకి తెలిసింది. గుడారం అద్దెకి తెచ్చుకునేది ఇందుకే. మిగతాదంతా ఫోన్‌లో చూసుకోవచ్చు.

తర్వాత అతను పైకప్పు మీద ఒక గ్రాఫ్ వేశాడు. రంగులు లేవు, డప్పులు లేవు, వంకర గీత ఒకటే. ఆ గెలాక్సీ వెలుగును వెబ్ రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంతుందో కొలిచిన స్పెక్ట్రమ్. పిల్లలు విసుక్కుంటారని నేను భయపడ్డాను. విసుక్కోలేదు. గీతలో గుంటలు చూపించి, ఇవన్నీ హైడ్రోజన్ మింగిన వెలుగు అన్నాడు. సిరియస్ లాంటి నక్షత్రాల్లో ఈ గుంటలు లోతుగా ఉంటాయి. అలాంటివి సుమారు వంద కోట్ల సంవత్సరాలు బతుకుతాయి. ఇవి ఉన్నాయి, వీటికంటే బరువైన నీలివి లేవు. అంటే కొత్త నక్షత్రాల పుట్టుక ఆగి కొన్ని పదుల కోట్ల సంవత్సరాలైందన్నమాట. లెక్క కట్టినవాళ్ళు చెప్పేది, బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 80 కోట్ల సంవత్సరాలకే ఆ గెలాక్సీ పని ఆపేసిందని. అదే గ్రాఫ్‌లో ఒకచోట బాగా వెడల్పుగా ఒక ఎత్తు. హైడ్రోజన్ ఎంతో వేగంగా తిరుగుతుంటేనే అలా వెడల్పవుతుంది, అంటే మధ్యలో బ్లాక్ హోల్ ఉంది. బరువు సుమారు 50 కోట్ల సూర్యులు.

పదో తరగతి వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, ఎర్రగా ఉంటే ముసలి నక్షత్రాలేనని ఎలా చెప్పగలం, దుమ్ము అడ్డం వచ్చినా ఎర్రగానే కనపడుతుంది కదా అని. సూర్యాస్తమయం పాఠం గుర్తుపెట్టుకుంది కాబోలు. ఈ ప్రశ్న మీద అసలు శాస్త్రవేత్తలే తగువులాడుకున్నారు. 2017లో ఒక ఆగిపోయిన గెలాక్సీ దొరికిందని ప్రకటించాక, చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుకి అదే చోట దుమ్ము వెలుగు కనిపించింది. దుమ్ము ఉందంటే లోపల నక్షత్రాలు పుడుతున్నాయేమో. చివరికి తేలింది, అక్కడ పక్కపక్కనే రెండు గెలాక్సీలున్నాయని, ఒకటి ఆగిపోయింది, దుమ్ము రెండోదానిదని. ఈ తగువు సినిమాలో ఉంటే ఎంత బాగుండేది! బ్లాక్ హోల్ బొమ్మ కంటే దీనికే ఎక్కువ టెన్షన్ పుట్టేది.

ఎనిమిదో తరగతి బ్యాచ్‌లో ఇంకో ప్రశ్న. "గ్యాస్ బండ అయిపోయినట్టా మేస్టారూ?" ఆపరేటర్ నవ్వి నా వైపు చూశాడు. అక్కడ నేనే అందుకున్నాను. వంటింట్లో స్టవ్ వెలగకపోతే బండ త్వరగా అయిపోయి ఉండొచ్చు, పైపు ఊడి గ్యాస్ బయటికి పోయి ఉండొచ్చు, కొత్త బండ రాకపోయి ఉండొచ్చు, లేదా బండ నిండుగా ఉన్నా బర్నర్ పట్టేసి ఉండొచ్చు. గెలాక్సీల్లోనూ ఈ నాలుగింటి మీదే వాదన.

త్వరగా అయిపోవడం అంటే ఎంత త్వరగా? బయటికొచ్చాక బోర్డు మీద లెక్క చేయించాను. జీఎస్-9209 బరువు సుమారు 4,000 కోట్ల సూర్యులు. అందులో ఎక్కువ భాగం దాదాపు 20 కోట్ల సంవత్సరాల్లోనే తయారైంది. భాగిస్తే ఏడాదికి 200 సూర్యులు. మన పాలపుంతలో ఇప్పుడు పుట్టేది ఏడాదికి ఒకటో రెండో సూర్యుల బరువు. ఆ వేగంతో వాడితే ఎంత గ్యాసైనా ఎన్నాళ్ళుంటుంది? పిల్లలు తమ చేత్తో భాగహారం చేశారు కాబట్టి ఆ 200 వాళ్ళకి గుర్తుంటుంది.

పైపు ఊడటానికి మంచి ఉదాహరణ పాబ్లో గెలాక్సీ. దాని అసలు పేరు జీఎస్-10578. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 200 కోట్ల సంవత్సరాలప్పటిది, బరువు దాదాపు 20,000 కోట్ల సూర్యులు. దాన్నుంచి గ్యాస్ సెకనుకి సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతున్నట్టు వెబ్ చూసింది. గెలాక్సీ ఆకర్షణను దాటిపోవడానికి ఆ వేగం చాలు. అక్కడ విశేషమేమిటంటే, పోతున్న దాంట్లో చల్లటి గ్యాస్ ఎక్కువ. చల్లటి గ్యాస్ తనంతట తాను వెలగదు, అందుకే పాత టెలిస్కోపులకి దొరికేది కాదు. వెనక నుంచి వచ్చే నక్షత్రాల వెలుగుకి అది అడ్డం పడటాన్ని బట్టి వెబ్ పట్టుకుంది. నక్షత్రాలు పుట్టేది చల్లటి గ్యాస్‌లోనే, మైనస్ 260 డిగ్రీల దగ్గర. పోతున్నది సరిగ్గా కావలసిన సరుకే అన్నమాట. దీని వెనకున్నది మధ్యలోని బ్లాక్ హోల్ అని ఆ పరిశోధకులు చెప్తున్నారు, నాకూ నమ్మకంగానే ఉంది.

కొత్త బండ రాకపోవడం గురించి సినిమాలో ఒక్క ముక్క లేదు. గెలాక్సీ తన దగ్గరున్న గ్యాస్‌తో మాత్రమే బతకదు, బయటి నుంచి వస్తూ ఉండాలి. ఇది చూపించింది మనవాళ్ళే. పుణె నుంచి కొంత దూరంలో ఖోడద్ దగ్గరున్న రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ, 45 మీటర్ల డిష్షులు 30. దానితో 2020లో 7,653 గెలాక్సీల హైడ్రోజన్ సంకేతాన్ని కలిపి కొలిచారు. దాదాపు 800 కోట్ల సంవత్సరాల కిందటి గెలాక్సీలవి. బయటి నుంచి రాకపోతే వాటి దగ్గరున్న హైడ్రోజన్ వంద, రెండు వందల కోట్ల సంవత్సరాల్లో అయిపోతుందని తేలింది. ఇండియాలో బడి పిల్లలకి 70 రూపాయలు తీసుకుని వేసే సినిమాలో జీఎంఆర్‌టీ డిష్షు ఒక్కటి కూడా చూపించకపోతే ఎలా? ఈ లోటు నాకు మింగుడుపడలేదు.

రాకుండా అడ్డేదేమిటన్నది మళ్ళీ వేరే కథ. గెలాక్సీ చుట్టూ ఉన్న కృష్ణపదార్థపు (కంటికి కనపడకుండా ఆకర్షణతోనే తెలిసే డార్క్ మ్యాటర్) ముద్ద లక్ష కోట్ల సూర్యుల బరువు దాటితే లోపలికి పడే గ్యాస్ ఢీకొని లక్షల డిగ్రీలకి వేడెక్కుతుంది, మళ్ళీ చల్లారడానికి చాలా కాలం పడుతుంది. దగ్గరి గెలాక్సీలకి ఇది బాగా సరిపోయే వివరణ. కానీ పసి విశ్వంలో చల్లటి గ్యాస్ సన్నటి పాయలుగా ఆ వేడిని చీల్చుకుని లోపలికి రాగలదని లెక్కలు చెప్తాయి. అందుకే తొలినాటి వాటికి ఈ ఒక్క కారణం చాలదు. నాలుగోది, బర్నర్ పట్టేయడం. గ్యాస్ మిగిలి ఉన్నా నక్షత్రాలు పుట్టని గెలాక్సీలు కొన్ని కనిపించాయి. మధ్యలో నక్షత్రాలు దట్టంగా మూగితే గ్యాస్ ముక్కలుగా విరిగి ముద్దకట్టలేదని ఒక వాదం ఉంది. ఎనిమిదో తరగతి వాళ్ళకి ఇది ఎక్కలేదు, నేనూ ఎక్కించే ప్రయత్నం చేయలేదు.

ఇంకో మాట కూడా సినిమా వదిలేసింది. ఆగిపోయిందంటే ఎప్పటికీ ఆగిపోయినట్టు కాదు. బిగ్ బ్యాంగ్ తర్వాత 70 కోట్ల సంవత్సరాలప్పటిదే ఒక చిన్న గెలాక్సీ దొరికింది. దాని పేరు పలకడం కంటే తొమ్మిదో ఎక్కం నయం: జేడ్స్-జీఎస్-జెడ్7-01-క్యూయూ. బరువు 50 కోట్ల సూర్యుల చుట్టుపక్కల. అది ఆగి ఒకటి రెండు కోట్ల సంవత్సరాలే అయింది. అంత చిన్నదాంట్లో పేలిన నక్షత్రాలే గ్యాస్‌ని తాత్కాలికంగా తోసేసి ఉండొచ్చు, గ్యాస్ తిరిగొస్తే మళ్ళీ మొదలవ్వొచ్చు. దాదాపు అదే కాలంలో 1,000 కోట్ల సూర్యులకి పైగా బరువున్న ఆగిపోయిన గెలాక్సీ కూడా ఒకటి దొరికింది. దానికి ఈ వివరణ సరిపోదు. ఒకే కాలం, రెండు రకాలు. అన్నిటికీ ఒకే బ్లాక్ హోల్‌ని చూపించి తీర్పు చెప్పేస్తే పిల్లలకి ఇందులో ఇంకా తెలుసుకోవాల్సింది ఉందని ఎలా తెలుస్తుంది? బ్లాక్ హోల్ మీద అనుమానం బలంగానే ఉంది. కానీ అది కాసేపు విజృంభిస్తుంది, కాసేపు ఊరుకుంటుంది. మనం చూసిన క్షణంలో అది ఊరుకుని ఉంటే పాత పని దానిదో కాదో తేల్చడం కష్టం.

ఇక ఇబ్బందులు. మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్లోయర్ ఆగితే గుడారం మెల్లగా కిందికి జారుతుంది, ఒక్కసారిగా పడదు. కుర్రాడు జిప్ తెరిచి, వెనక వరస నుంచి పిల్లల్ని నిమ్మళంగా బయటికి పంపాడు. భయపడాల్సిందేం లేదు కానీ ఆ బ్యాచ్‌కి సగం సినిమా పోయింది, మళ్ళీ వేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఫోన్‌లో మాట్లాడినాయన "కరెంటు మీ బాధ్యత" అన్నాడు. ఈ షరతు రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. బుక్ చేసేముందు చదవండి, బ్లోయర్‌కి జనరేటర్ లైన్ ఇప్పించండి.

తీసుకోమంటారా అని అడిగితే, తీసుకోండి. ఆరు, ఏడు తరగతుల దాకా సౌరకుటుంబం చాలు. ఎనిమిది పైవాళ్ళకి గెలాక్సీల సినిమాలో మొదటి పది నిమిషాలు వేయించి ఆపించేయండి, మిగతా సమయం ఆపరేటర్‌ని మాట్లాడమనండి. ఆ కుర్రాడే రావాలని ఫోన్‌లో గట్టిగా అడగండి. వేరే ఆపరేటర్ వస్తే బటన్ నొక్కి బయట టీ తాగుతాడని గుణుపురంలో పనిచేసే స్నేహితుడు చెప్పాడు. నవంబరు, డిసెంబరు నెలలైతే ఉక్కపోతా తగ్గుతుంది, సాయంత్రం పిల్లలకి అదే ఆకాశం బయట చూపించొచ్చు కూడా. రవాణా ఖర్చు దగ్గర బేరం ఉంది. పాతపట్నంలో ఇంకో బడి అదే వారంలో పెట్టుకుంటే ఇద్దరికీ సగం సగం వేస్తారు. మేం అడగలేదు, మీరు అడగండి.